ప్రతి మార్చిలోనూ ఏసీకి గ్యాస్ ఎక్కించాల్సి వస్తోందా? (సముద్రం దగ్గరి ఇళ్ల కోసం)

కళింగపట్నం_దీపస్తంభం
వివరాలన్నీ ముందే ఇస్తున్నాను. 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, గ్యాస్ రకం ఆర్-32, బిగించి మూడేళ్లు. అవుట్‌డోర్ డాబా మీద సముద్రం వైపు ముఖం పెట్టి ఉంది. తీరం అర కిలోమీటరు లోపే. పైపు పొడవు 4 మీటర్లు. గత రెండు వేసవుల్లోనూ మార్చిలో గ్యాస్ ఎక్కించారు. ఇప్పుడు మళ్లీ చల్లదనం లేదు. ఆన్ చేసిన 20 నిమిషాలకి ఇండోర్ కాయిల్ ఒక మూల మాత్రం మంచు కడుతోంది, మిగతా భాగం పొడిగా ఉంటోంది. ఫిల్టర్లు శుభ్రంగానే ఉన్నాయి. ఏసీ ఆపి ఉండగా గేజి పెట్టి చూసిన మెకానిక్ "250 ఉంది, గ్యాస్ నిండుగానే ఉంది, కంప్రెసర్ వీకైపోయింది" అన్నారు. కంప్రెసర్ మార్చాల్సిందేనా?

నాగావళి_కూలింగ్
కంప్రెసర్ జోలికి ఎల్లకండి మాస్టారూ. మీరు రాసిన మంచు గుర్తే సాక్ష్యం. గాలి సరిగ్గా ఆడనప్పుడు, అంటే ఫిల్టరు మూసుకుపోయినా, బ్లోయర్ రెక్కల్లో మట్టి పేరుకున్నా, కాయిల్ మొత్తం మంచు కడతాది. గ్యాస్ తక్కువైనప్పుడు అలగ కాదు. ఉన్న కొంచెం గ్యాసూ కాయిల్లోకి దిగిన మొదటి రెండు మూడు వరసల్లోనే ఆవిరైపోతాది. అక్కడ మంచు, తర్వాతంతా పొడి. మీది రెండో రకం. లీకుంది.

అవుట్‌డోర్ పక్కనున్న రెండు వాల్వులు కూడా చూడండి. ఏసీ నడుస్తున్నప్పుడు సన్న పైపు వాల్వు మీద మంచు పడుతోందా, లావు పైపు చల్లగా చెమట పట్టకుండా పొడిగా ఉందా? అలగైతే ఇంక అనుమానం అక్కర్లేదు.

గంటస్తంభం
ఆపి ఉన్నప్పుడు 250 అన్న రీడింగు గురించి కొంచెం వివరంగా రాయాలి. మన రెండు జిల్లాల్లోనూ (శ్రీకాకుళం, విజయనగరం) ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క అపోహ వల్లే.

ఏసీ ఆగి ఉన్నప్పుడు లోపల గ్యాస్‌తో పాటు కొంత ద్రవం కూడా ఉంటుంది. ద్రవం ఏ కాస్త మిగిలినా గేజి చూపించేది ఆ ఉష్ణోగ్రత దగ్గర ఆ వాయువుకి ఉండే పీడనమే, పరిమాణం కాదు. ఆర్-32కి 30 డిగ్రీల దగ్గర అది సుమారు 265 పీఎస్‌ఐ (గేజి మీద ఒత్తిడి కొలత). లోపల 800 గ్రాములున్నా 400 గ్రాములున్నా ముల్లు దాదాపు అక్కడే నిలబడుతుంది. వంటగ్యాస్ సిలిండరు నిండుగా ఉన్నా సగమున్నా లోపలి ఒత్తిడి ఒకేలా ఉన్నట్టే. అందుకే దాన్ని తూకం వేస్తాం.

ఇక నడుస్తున్నప్పటి రీడింగు. ఆర్-32 సుమారు 103 పీఎస్‌ఐ దగ్గర 0 డిగ్రీలకు, 123 దగ్గర 5 డిగ్రీలకు, 146 దగ్గర 10 డిగ్రీలకు మరుగుతుంది. లావు పైపు వాల్వు దగ్గర రీడింగు 100 కంటే కిందికి దిగితే కాయిల్ సున్నా కంటే చల్లబడినట్టు, అంటే మంచు కడుతుంది. కానీ ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ఆ సంఖ్యా ఊగుతుంది. రిమోట్‌తోనో, ఇండోర్ మీది బటన్‌తోనో ఫోర్స్‌డ్ కూలింగ్ (కంప్రెసర్‌ని ఒకే వేగంతో నడిపించే టెస్ట్ పద్ధతి) పెట్టి, 15 నిమిషాలు ఆగి చూస్తేనే ఆ రీడింగుకి విలువ. గేజి చూసి "ఇంకో 20 పాయింట్లు ఎక్కిద్దాం" అనే పద్ధతి ఇన్వర్టర్లకు పనికిరాదు. ఉన్నదంతా తీసేసి, లీకు మూసి, వాక్యూమ్ చేసి (పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి), లేబుల్ మీద ఉన్నన్ని గ్రాములు తూచి పోయాలి. ఇంకో దారి లేదు.

రాజాం_వైరింగ్
ఒక జాగ్రత్త. లీకున్న ఏసీని విప్పే ముందు "పంప్‌డౌన్ చేసి గ్యాస్ అవుట్‌డోర్లోకి లాగేస్తాను" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లీకు రంధ్రంలోంచి గాలి లోపలికి పోతుంది. ఆ గాలీ, నూనె ఆవిరీ కంప్రెసర్లో కలిసి నలిగితే డీజిల్ ఇంజన్లోలా మండి కంప్రెసర్ పేలుతుంది. లీకు లేదని తేలిన యంత్రాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడే పంప్‌డౌన్. అప్పుడు కూడా గేజి సున్నాకి దిగకముందే లావు వాల్వు మూసి వెంటనే ఆపెయ్యాలి.

కళింగపట్నం_దీపస్తంభం
సన్న పైపు వాల్వు మీద మంచు ఉంది, లావు పైపు పొడిగా ఉంది. ఫోర్స్‌డ్ కూలింగ్‌లో 84 పీఎస్‌ఐ. లీకు ఎలా వెతకాలి? సబ్బు నురగ రాసి చూశారట, ఎక్కడా బుడగ రాలేదట.

నాగావళి_కూలింగ్
సబ్బు నురగ నాలుగు నట్ల మీద రాసేసి "లీక్ లేదు" అంటే సరిపోదు. ఏడాదికోసారి ఖాళీ అయ్యే లీకు శానా సన్నం. ఇలగ చెయ్యండి.

ముందు కళ్లతో. లీకున్న కాడ గ్యాస్‌తో పాటు నూనె కూడా కక్కుతాది, దాని మీద దుమ్ము అతుక్కుని నల్లటి జిడ్డు మరక పడతాది. అవుట్‌డోర్ రెండు నట్లు, ఇండోర్ వెనకాల గోడవైపు చుట్టిన ఫోము లోపలి రెండు నట్లు (ఈ రెండూ ఎవరూ విప్పి చూడరు), గ్యాస్ పెట్టే పిన్ను, దాని ఇత్తడి మూత. మూత లేకుండా వదిలేసిన పిన్ను వల్లే ఎన్నో ఏసీలు ఖాళీ అవుతుంటాయి. తర్వాత అవుట్‌డోర్ పై మూత తీసి కంప్రెసర్ పక్కనున్న సన్న గొట్టాలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయేమో చూడండి. ఆఖర్న కాయిల్ రెండు చివరలా ఉండే రాగి వంపులు. తీరంలో ఇనప సైడు ప్లేటు తుప్పు పట్టి ఉబ్బి, రాగి గొట్టాన్ని కోసేస్తాది.

కంటికి దొరక్కపోతే నైట్రోజన్. గ్యాస్‌ని రికవరీ సిలిండర్లోకి తీసేశాక, రెగ్యులేటర్ పెట్టి ముందు 50, అయిదు నిమిషాలాగి 150, మళ్లీ ఆగి 400 పీఎస్‌ఐ. రెండు వాల్వులూ తెరిచే ఉంచాలి. లేపోతే అవుట్‌డోర్ కాయిల్‌కి టెస్టే జరగదు, పైపులకి మాత్రం జరుగుతాది. రాత్రంతా వదిలెయ్యాలి. ఒత్తిడి పడిపోతే అప్పుడు వాల్వులు రెండూ మూసి, ఇండోర్ వైపు వేరుగా, అవుట్‌డోర్ వేరుగా పెట్టి ఏ సగంలో లీకో తేల్చుకోవాలి. నురగ ఆ సగానికే రాయండి, చిక్కగా కలిపి బ్రష్‌తో. ఒక్కో జాయింటు కాడ రెండు నిమిషాలు కళ్లార్పకుండా సూడాలి. బుడగ గసగసాలంత ఉంటాది.

నైట్రోజన్ లేదని ఆక్సిజన్ సిలిండరు తగిలించే వాళ్లున్నారు. లోపలి నూనెకి ఆక్సిజన్ తగిలితే పేలుడే. వెంటనే ఆపించండి.

గంటస్తంభం
పైదానికి ఒక లెక్క కలపాలి. సాయంత్రం 35 డిగ్రీల్లో 400 పెట్టి, తెల్లవారి 28 డిగ్రీల్లో చూస్తే లీకు లేకపోయినా ముల్లు 390 దగ్గరుంటుంది. వాయువు చల్లబడి కుంచించుకుంటుంది, అంతే. 10 పాయింట్లు తగ్గిందని కంగారు పడొద్దు. పెట్టినప్పుడూ చూసినప్పుడూ ఉష్ణోగ్రత రాసుకోండి.

సోంపేట_గాలి
అసలు తీరంలో ఏసీలు త్వరగా ఎందుకు పోతున్నాయి? పార్వతీపురం, సాలూరు వైపు అదే మోడల్ ఏళ్ల తరబడి నడుస్తోంది కదా. బ్లూ ఫిన్ అంటే తుప్పు పట్టదనే కదా అమ్ముతారు.

గంటస్తంభం
అవుట్‌డోర్ కాయిల్లో గొట్టం రాగి, రెక్కలు అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు తాకి ఉన్న చోట ఉప్పుతడి చేరితే అదొక చిన్న బ్యాటరీ. అందులో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. తెల్ల పొడి కనబడేది అందుకే. రెక్క మొదలు, అంటే గొట్టాన్ని పట్టుకుని ఉన్న చోటు, ముందు తినేస్తుంది. పైకి రెక్క నిలబడే ఉంటుంది, గొట్టంతో సంబంధం మాత్రం తెగిపోతుంది. వేడి బయటికి పోదు, ఒత్తిడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది, ఎండ ముదిరాక ట్రిప్ అవుతుంది. ఇదంతా గ్యాస్ ఒక్క గ్రాము కారకముందే.

నీలం పూత సంగతి. అది ముఖ్యంగా నీటిబొట్టు నిలవకుండా జారిపోయేందుకు వేసే పలచని పొర. కొంత రక్షణ ఇస్తుంది. కానీ రెక్కల అంచులు కోసిన చోట పూత ఉండదు, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. అసలు తేడా తెచ్చేది పూత కాదు, పెట్టే చోటు.

మనకి సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు. అవుట్‌డోర్ ఆ గాలికి ఎదురుగా ఉండకూడదు. పడమర గోడకి పెడితే మధ్యాహ్నపు ఎండ. ఉత్తరపు గోడ, పైన చిన్న సజ్జా ఉంటే అన్నిటికంటే మంచిది. వెనక 15 సెంటీమీటర్లు, ముందు కనీసం 60 సెంటీమీటర్లు ఖాళీ. దొంగల భయానికి ఇనప బోను కట్టించేటప్పుడు ముందు వైపు చువ్వలు దూరంగా ఉండాలి, లేకపోతే కక్కిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది.

నాగావళి_కూలింగ్
దానికి తోడు మంచినీళ్ల స్నానం. తీరానికి కిలోమీటరు లోపుంటే 15 రోజులకోసారి, దాటితే నెలకోసారి. ఎమ్‌సీబీ (కరెంటు బోర్డులో ఏసీకున్న బ్రేకర్ స్విచ్చి) దించి 10 నిమిషాలు ఆగాలి (ఇన్వర్టర్ బోర్డులో కెపాసిటర్లు అంతసేపు కరెంటు పట్టి ఉంచుతాయి). తోటకి పెట్టే గొట్టంతో మెల్లగా, పైనుంచి కిందికి. బోర్డు పెట్టె వైపు నీళ్లు కొట్టొద్దు. కారు కడిగే ప్రెషర్ గన్ను వాడితే రెక్కలు ఒరిగిపోయి గాలి మూసుకుపోతాది. ఇంటి బోరు నీళ్లే ఉప్పగా ఉంటే వాటితో కడగడం దండగ, ట్యాంకులో పట్టిన వాననీళ్లో, కుళాయి నీళ్లో వాడండి. యాసిడ్ కలిపిన "కాయిల్ క్లీనర్" అసలొద్దు. నురగ పొంగినప్పుడు మురికి పోతున్నట్టే ఉంటాది, పోయేది అల్యూమినియం.

కొందరు పాత ఇంజనాయిల్ స్ప్రే చేస్తుంటారు. దాని మీద ఇసక అతుక్కుని గోడ కట్టేస్తాది. చెయ్యకండి.

సోంపేట_గాలి
తుపాను వచ్చినప్పుడు?

రాజాం_వైరింగ్
2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ మన జిల్లాల మీదుగా పోయినవే. కాబట్టి అక్టోబరులోకి అడుగు పెట్టకముందే స్టాండు చూసుకోవాలి. మామూలు ఇనప బోల్టులు ఉప్పుగాలికి రెండు మూడేళ్లలో మెడ దగ్గర సన్నబడతాయి, పైకి తల బాగానే కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ 304 యాంకర్ బోల్టులు, దొరికితే 316, నాలుగు. ఇటుక గోడకి కాకుండా కాంక్రీటు బీముకో, స్లాబుకో.

హెచ్చరిక రాగానే ఎమ్‌సీబీ దించడమే కాదు, ప్లగ్ ఉంటే పీకెయ్యండి. తుపాను తర్వాత సప్లై మొదటిసారి వచ్చినప్పుడు వోల్టేజి చూడకుండా వెయ్యకూడదు. లైన్లో న్యూట్రల్ తెగి ఉంటే 230 రావాల్సిన చోట 350 దాకా రావచ్చు. మల్టీమీటరులో పది నిమిషాలు నిలకడగా 210 నుంచి 245 మధ్య కనబడాక వెయ్యండి. ఏసీ వేసే ముందే అవుట్‌డోర్‌ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తుపాను గాలి ఒక్క రాత్రిలో కొట్టిన ఉప్పు రెక్కల మధ్య పొరలా ఉంటుంది.

కనెక్షన్ల విషయం కూడా రాసేస్తాను. 1.5 టన్నుకి 20 ఆంపియర్ల సి-కర్వ్ ఎమ్‌సీబీ, బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ (దగ్గరైతే 2.5 చాలు). ఇండోర్‌కీ అవుట్‌డోర్‌కీ మధ్య వెళ్లే తీగకి మధ్యలో అతుకు ఉండకూడదు. అందులో ఒక తీగ మీద రెండు బోర్డులు మాట్లాడుకుంటాయి. అతుకుకి చిలుము పట్టిందంటే కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తుంది, బోర్డు పోయిందని కొత్తది అమ్ముతారు. బోర్డు మార్చే ముందు ఆ తీగని కొత్తది లాగి చూడండి. బల్లి చచ్చి బోర్డు షార్ట్ కావడం కూడా మనవైపు ఎక్కువే, అవుట్‌డోర్లో తీగ దూరే కన్నాలను ఫోముతో మూసెయ్యాలి.

"స్టెబిలైజర్ అక్కర్లేదు" అని రాసి ఉంటుంది కదా, దాని అర్థం ఫలానా వోల్టేజి నుంచి ఫలానా వోల్టేజి వరకు నడుస్తుందని మాత్రమే. పిడుగుకీ, 350 వోల్టులకీ అది కవచం కాదు. పిడుగులప్పుడు లైన్లో ఒక్కసారిగా ఎగిసొచ్చే వోల్టేజికి మీటరు బోర్డులో టైప్-2 సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. ఎర్తింగు సరిగ్గా లేకపోతే అదీ దండగే. ఇసుక నేలలో గుంట త్వరగా ఆరిపోతుంది, వేసవిలో వారానికోసారి నీళ్లు పొయ్యాలి.

బొబ్బిలి_వీణ
కొంచెం పక్కకి వెళ్తున్నాను. డాబా కింద గదులు ఉన్నవాళ్లు ఏసీని ఎంత బాగుచేయించినా పైన స్లాబు పొయ్యిలా కాలుతుంటే లాభం లేదు. రాత్రి పదింటికి కూడా సీలింగు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే ఆ గదికి ఏసీ చేసే పనిలో చాలావరకు స్లాబుని చల్లార్చడమే. తెల్ల కూల్‌రూఫ్ పెయింటు రెండు పూతలు, లేదా తెల్ల పెంకు ముక్కల మొజాయిక్. పగుళ్లు ముందు పూడ్చి, నాచు గీకి, బాగా ఆరాకే వెయ్యాలి. తడి మీద వేస్తే వానాకాలంలో పొరలుగా లేచిపోతుంది.

ఇంకోటి, బొబ్బిలి వైపు ఎయిర్ కూలర్ బాగానే పనిచేస్తుంది, కళింగపట్నంలో ఎందుకు చెయ్యదని అడుగుతుంటారు. లోపలి ఊళ్లలో 42 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్న రోజున కూలర్ 30 డిగ్రీల గాలి ఇవ్వగలదు. తీరాన 34 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే అదే కూలర్ ఇచ్చేది 30 లేదా 31, దానికి తోడు గదంతా జిగట. అక్కడ కూలర్ కొనొద్దు.

గంటస్తంభం
తేమ మాట వచ్చింది కాబట్టి. ఏసీ చేసే పనిలో కొంత గాలిని చల్లార్చడానికి, కొంత నీటిని పిండడానికి పోతుంది. తీరంలో రెండో వాటా ఎక్కువ. అందుకని లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ తేడా 8 డిగ్రీలే ఉన్నా, డ్రెయిన్ పైపులో నీళ్లు ధారగా కారుతుంటే యంత్రం సరిగ్గానే ఉంది. 12 డిగ్రీల తేడా రావాలని గ్యాస్ ఎక్కువ పోయించకండి. 26 పెట్టి సీలింగు ఫ్యాను వేసుకుంటే 22 పెట్టిన దానికంటే సుఖం. ఒక్కో డిగ్రీకీ సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే.

కళింగపట్నం_దీపస్తంభం
నైట్రోజన్ పరీక్ష అయింది. సాయంత్రం 33 డిగ్రీల్లో 400, ఉదయం 28 డిగ్రీల్లో 310. విడదీసి పెడితే ఇండోర్ వైపు నిలిచింది, అవుట్‌డోర్ పడింది. నురగతో దొరికింది: కాయిల్ కుడి చివర, కింది నుంచి మూడో రాగి వంపు, ప్లేటుకి ఆనుకున్న చోట. కింది భాగంలో రెక్కలు వేలితో నొక్కితే అప్పడంలా పొడి అవుతున్నాయి. వెల్డింగు చేయిస్తే సరిపోతుందా?

నాగావళి_కూలింగ్
రెక్కలు గట్టిగా ఉండుంటే వెల్డింగే చెప్పేవాణ్ని. రాగికి రాగి కాబట్టి ఫాస్ఫరస్ రాడ్ చాలు, లోపల నైట్రోజన్ సన్నగా పారుతుండగా అతకాలి. అలగ చెయ్యకపోతే లోపల నల్ల పొక్కు కట్టి, అది ఊడొచ్చి సన్న గొట్టంలో ఇరుక్కుంటాది. ఆర్-32 లోపల ఉండగా మంట పెట్టకూడదు. అది మండే గ్యాసే, పైగా కాలితే విషవాయువు వస్తాది.

మీ రెక్కలు పొడి అవుతున్నాయంటే ఆ కాయిల్ పని అయిపోయింది మాస్టారూ. మూడో వంపు అతికితే వచ్చే ఏడు ఐదోది. కాయిల్ మార్చండి, ముందు కంపెనీ వారంటీ కార్డులో కండెన్సర్‌కి (అవుట్‌డోర్ కాయిల్‌కి) ఎన్నేళ్లో చూడండి. మార్చినరోజే ఉత్తరం గోడకి దించెయ్యండి.

గంటస్తంభం
దించేటప్పుడు పైపు పొడవు పెరుగుతుంది కదా, ఎంతవుతుందో చెప్పండి. పాత పైపుకి అతుకు వెయ్యొద్దు, పూర్తిగా కొత్తది లాగండి. ఫ్లేర్ (నట్టులో కూర్చునేలా వెడల్పు చేసిన పైపు మూతి) కొత్తగా కొట్టించి, ముఖానికి రెండు చుక్కల కంప్రెసర్ నూనె రాసి, టార్క్ రెంచితో బిగించాలి. పావు అంగుళానికి 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానికి 50 నుంచి 60. చేతి బలంతో బిగిస్తే సన్న పైపు ఫ్లేర్ పగులుతుంది, లావుది వదులుగా ఉండిపోతుంది. పైపు మీద ఫోము 13 మిల్లీమీటర్లు ఉండాలి, మన తేమకి 9 చాలదు. ఎండ తగిలే చోట టేపు కాదు, పీవీసీ కేసింగు.

వాక్యూమ్‌కి మైక్రాన్ గేజి (లోపల మిగిలిన అతి కొద్ది ఒత్తిడిని కూడా కొలిచేది) అడగండి. మామూలు గేజి ముల్లు పూర్తిగా కిందికి దిగినంత మాత్రాన తేమ పోయినట్టు కాదు. 500 మైక్రాన్ల కిందికి దింపి, పంపు ఆపి, 10 నిమిషాల్లో 1000 దాటకపోతే సరే. పెరుగుతూనే ఉంటే లీకు, పెరిగి ఒకచోట ఆగితే లోపల తేమ. పంపు నూనె పాలలా తెల్లబడి ఉంటే ముందు అది మార్చాలి.

కళింగపట్నం_దీపస్తంభం
కాయిల్ మార్చి ఉత్తరం గోడకి పెట్టారు. కొత్త పైపు 6.5 మీటర్లు. లేబుల్ మీద 820 గ్రాములు. మాన్యువల్‌లో 5 మీటర్లు దాటితే మీటరుకి 20 గ్రాములని ఉంది కాబట్టి 30 కలిపి 850 తూచి పోశారు. నైట్రోజన్ రాత్రంతా నిలిచింది. వాక్యూమ్ 380, పది నిమిషాల తర్వాత 450. ఫోర్స్‌డ్ కూలింగ్‌లో 128 పీఎస్‌ఐ. లోపలికి 30, బయటికి 19.5. మంచు లేదు, లావు పైపు వాల్వు చెమట పడుతోంది.

నాగావళి_కూలింగ్
128 అంటే కాయిల్ 6 డిగ్రీల కాడ ఉంది, బాగుంది. పిన్ను మీద ఇత్తడి మూత, రెండు వాల్వుల మూతలు బిగించారా అన్నది మీరే చేత్తో తిప్పి సూడండి. 850 గ్రాములు, 6.5 మీటర్లు, ఇయ్యాల్టి తేదీ అవుట్‌డోర్ లేబుల్ పక్కనే పెయింట్ పెన్నుతో రాసి పెట్టండి. కాయిల్ కింది అంచుకి 15 రోజుల తర్వాత మొదటి నీళ్లు.

కళింగపట్నం_దీపస్తంభం
పిన్ను మూత లేదు. కొత్తది తెప్పించి బిగించాను.